ఒక యేటి పాటల సంపుటములు

ఏడాది ముగియుచుండగా ‘ఈ యేటి మేలైన పాటలు’ అని పట్టికలు వ్రాయుట మన పట్టణములలో నొక వేడుకగా నేర్పడినది. పత్రికలవారు వ్రాయుదురు, కళాశాలల విద్యార్థులు వ్రాయుదురు, ఇంటికొక రసికుడు తన ఫోనులో నొక పట్టిక దాచుకొని యడిగినవారికిని అడుగనివారికిని వినిపించును. ఇందు తప్పేమియు లేదు. నాకిష్టమైనది యిది యని చెప్పగలుగుట రసజ్ఞతకు మొదటి మెట్టు. కాని యీ పట్టికలలో ననేకము లెవరి యిష్టమును దెలుపవు. యూట్యూబులో నే పాట క్రింద నెక్కువ కోట్ల యంకె కనబడునో యదియే యగ్రస్థానమున నిలుచును. అమ్మకము వేరు, రుచి వేరు. అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా కాలమున ధాన్యవర్తకులకై వెలసిన మా అఫ్జల్‌గంజిలో నీ భేదము నెరుగని దుకాణదారు లేడు. ఎక్కువ బస్తాలు కదలిన బియ్యమే మేలైన బియ్యమని యతడు దానినే తన యింటికి గొనిపోడు.

నే నిచట 2023వ సంవత్సరపు తెలుగు సినిమాపాటలను విచారింప దలచితిని. ఆ యేటి సందడి యణగినది. ఆ యేటి చిత్రములకు జాతీయపురస్కారములును ప్రకటింపబడినవి. పొంగు చల్లారినపిదప పాత్రలో నేమి మిగిలినదో చూచుటకు తగిన కాలమిది.

ముందుగా ‘ఆల్బము’ అను మాటను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. లాటినుభాషలో నిది తెలుపును దెలుపు పదమునుండి పుట్టినది. రోమనులు ప్రకటనలు వ్రాయు తెల్లని పలక కీ పేరుండెను. పిమ్మట చిత్తరువులంటించు పుస్తకమునకు వచ్చెను. గ్రామఫోను దినములలో నొక పలక యొక్కొక్క ప్రక్కను మూడు నాలుగు నిమిషములకంటె నెక్కువ పాడజాలకుండెను. దీర్ఘమైన సంగీతమును పెక్కు పలకలమీద ముద్రించి, యట్టసంచులుగల పుస్తకమున నమర్చి యమ్మిరి. ఆ పుస్తకమే యాల్బము. 1948లో అమెరికాదేశపు కొలంబియా కంపెనీవారు దీర్ఘకాలము పాడు పలకను దెచ్చినమీదట పుస్తకము పోయెను, పేరు నిలిచెను. కావున ఆల్బమనగా నొకదాని ప్రక్క నొకటి యుండవలసిన పాటల సంపుటము. ఒక్క యట్టలో నిరికిన పాటలన్నియు సంపుటము కావు. ఒక పాటను దీసివేసినచో మిగిలినవానికి లోటు కనబడవలెను. నా కొలబద్ద యిదియే.

ఈ కొలబద్దతో జూచినచో నేటి చిత్రములకు సంపుటములే యరుదు. చిత్రము విడుదలకు నెలలముందుగా నొక్కొక్క పాటను ‘సింగిల్’ అని వదలుదురు. ప్రతిపాటయు తన కాళ్లపై తాను నిలిచి జనమును పోగుచేయవలెను. ప్రక్కపాట మాట దానికి పట్టదు. ‘నాటు నాటు’ పాట సంగతి చూడుడు. అది 2021 నవంబరులో వెలువడెను. చిత్రము 2022 మార్చిలో వచ్చెను. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబు, మార్చిలో ఆస్కారు పురస్కారము లభించెను. కీరవాణిగారికిని చంద్రబోసుగారికిని దక్కిన గౌరవమునకు సంతసింపని తెలుగువాడు లేడు. కాని యది యే సంవత్సరపు పాట? పట్టికలు వ్రాయువారు మూడేండ్లును దానిని వ్రాసికొనవచ్చును. సంపుటమునకు పుట్టినదినముండును, సింగిలునకు ప్రచారదినములు మాత్రమే యుండును.

ఆ 2023 మార్చి మాసముననే తెలంగాణపు పల్లెబ్రదుకును చూపిన రెండు చిత్రములు వచ్చినవి. 3వ తేదీని వేణు యెల్దండి దర్శకత్వమున ‘బలగం’, 30వ తేదీని శ్రీకాంత్ ఓదెల దర్శకత్వమున ‘దసరా’. మొదటిదానికి భీమ్స్ సిసిరోలియో సంగీతము గూర్చెను. రెండవదానికి తమిళుడైన సంతోష్ నారాయణన్. రెంటను కాసర్ల శ్యామ్ రచించిన పాటలు గలవు. ఒక్క కవి, ఒక్క మాండలికము, ఒక్క మాసము. ఇంతకంటె ననువైన పోలిక విమర్శకునకు దొరకదు.

‘దసరా’లోని ‘చమ్కీల అంగీలేసి’ యను పాట నెరుగని వీధి మా ప్రాంతమున లేదు. చమ్కీ, అంగీ యను రెండు మాటలును మావే. ఆ చమ్కీలు బేగంబజారు దుకాణములలో మూరల లెక్కన దొరకును. పెండ్లికిముందు మెరపుల యంగీ తొడిగి తిరిగిన వరుడు పెండ్లియైనపిదప త్రాగుడుమరిగి యెట్టివాడైనాడో యాలు తన వదినెతో మొరపెట్టుకొనును. మగడును తన మొర తాను చెప్పుకొనును. రామ్ మిర్యాల, ధీ పాడిరి. రచన చక్కనిది. వదినెతో నిట్లు చెప్పుకొనుట మన యాడువారి పాటలలో తరతరములుగా నున్న మర్యాద. అత్తతో ననరానిది, తల్లికి చెప్పిన నామె బెంగపడునది, వదినెకు నవ్వుచు చెప్పవచ్చును. ఆ నవ్వుక్రింద నేడ్పున్నదని వదినెకు దెలియును.

కాని బాణీ కా సంగతి తెలియదు. మాట ‘నా బ్రదుకిట్లయినది’ అనును. దరువు ‘లెండు, ఆడుడు’ అనును. రెండింటిలో దరువుదే పైచేయి. తత్ఫలముగా మద్యము పాలయిన సంసారమును గూర్చిన మొర పెండ్లి యూరేగింపులలో బ్యాండువారు వాయించు పాటయైనది. ఆ యూరేగింపున ముందు చిందులు వేయువారిలో సగముమంది త్రాగినవారే. దీనికి కవి నేమనను. ఆడువారి మొరను జనరంజకమగు వేషమున బంపిన నది యెక్కువ యిండ్లకు జేరునని వాదింపవచ్చును, చేరినది నిజమే. కాని చేరినదేది? చమ్కీ చేరినది. ఆలు చెప్పిన మాట వాకిటనే నిలిచిపోయినది. మద్యపాననిషేధమునకై మన యాడువారు 1990ల మొదట నెల్లూరిసీమ దూబగుంటనుండి లేచి ప్రభుత్వమునే కదలించిరి. అట్టి తెలుగునాట నీ మొర యాటపాటగా మిగులుట నాకు రుచింపలేదు.

ఆ సంపుటమున నా కెక్కువ నచ్చినది ‘ధూమ్ ధామ్ దోస్తాన్’. అదియు త్రాగుబోతు నేస్తుల సంబరమే గాని, తాను వేరొకటి యని నటింపదు. అంతకంటె ముఖ్యముగా, అందు పాడినవారిని చూడుడు: ఆ మాసముననే ఆస్కారు వేదికపై పాడిన మా నగరపు రాహుల్ సిప్లిగంజితోబాటు పాలమూరు జంగిరెడ్డి, నర్సమ్మ, గొట్టె కనకవ్వ, గన్నోర దాస్ లక్ష్మి. వీరు పల్లెపాట నెరిగిన గొంతులు. ఆ గొంతులకు నునుపు లేదు. నాటిన మాట యూడిరాదు. ఈ పాటయు, చమ్కీపాటయు, మిగిలినవియు నొకదానితో నొకటి మాటాడుకొనవు. ఎవరి సంబరము వారిది. ‘దసరా’ మంచి పాటలు గల యట్ట, సంపుటము కాదు.

‘బలగం’ సంపుటము. ఎట్లన: అందు మొదట వినవలసినది ‘ఊరూ పల్లెటూరు’. రామ్ మిర్యాలయు మంగ్లియు పాడిరి. తెల్లవారును, ఊరు మేలుకొనును, పల్లె తల్లివంటిదను భావము కలదు. ఇట్టి పల్లెవర్ణనలు మన సాహిత్యమున వేలున్నవి. పట్టణవాసులు విని నిట్టూర్చుటకు పనికివచ్చును. కాని యీ పాటలో వరుసలు వినబడును. ఊరివారెల్ల నొకరినొకరు వరుసపెట్టి పిలుచుకొందురు. ఊరంతయు చుట్టరికపు మూటయని చెప్పును. మొదటిసారి వినునపుడు దీనిని మనము సొగసుగా దలచి దాటిపోవుదుము. కడపటి పాట వచ్చువరకు దాని బరువు తెలియదు.

కథ యెరుగనివారికి రెండు మాటలు. కొమురయ్య యను ముసలివాడు చనిపోవును. ఇరువదియేండ్లనాడు విందులో నొక నల్లిబొక్క దగ్గర మాటపట్టింపు వచ్చి, అల్లుడలిగి పోయెను. ఆనాటినుండి కూతురు పుట్టింటి గడప త్రొక్కలేదు. ముసలివానికి పెట్టిన పిండమును కాకి ముట్టదు. పదునొకండవనాడు కథలు చెప్పు దంపతు లిరువురు వచ్చి ‘తోడుగా మా తోడుండి’ యను పాట పాడుదురు. పాడినవారు వరంగల్లు ప్రాంతమున నూరూర కథలు చెప్పి జీవించిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. చచ్చినవాడు పిల్లల నెట్లు పెంచెనో చెప్పుదురు. ఆ పిల్లలిపు డెట్లున్నారో యడుగుదురు. మొదటిపాటలో సొగసుగా వినబడిన యా వరుసలే యిచట ఋణములై వచ్చి వాకిట నిలుచును. మొదటిది లేనిచో కడపటిదానికి సగము బలము తగ్గును. కడపటిది లేనిచో మొదటిది యుత్త నిట్టూర్పు. నేనడిగిన సంపుటలక్షణ మిదియే. నడుమ ‘పొట్టిపిల్ల’ యను తేలికపాట యొకటి కలదు. వినుటకు హాయియే గాని యది లేకున్నను లోటు లేదు.

ఇచట సంస్కారప్రియులైన చదువరులు నన్ను నిలిపి యడుగవచ్చును: ‘కాకి పిండము ముట్టలేదని యిల్లెల్ల గోలపెట్టు కథకై పుట్టిన పాటలను మీవంటివారు మెచ్చుటయా? వీరేశలింగముగారు ప్రహసనములు వ్రాసి పరిహసించిన మూఢాచారములను వెండితెర మరల నింటికి దెచ్చుచున్నది గదా?’ ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఆ యేడు పల్లెలలో ఈ చిత్రమును వాకిళ్లలో తెరకట్టి ప్రదర్శించిరి. జనము వెక్కివెక్కి యేడ్చిరి. అంతమంది యేడ్చుచుండగా నెందుల కేడ్చుచున్నారో యడుగుట విమర్శకుని విధి.

నాకు దోచినంతవరకు వారు కాకికై యేడువలేదు. కథలో కాకిని రప్పించుటకు మంత్రము పనికిరాదు, ఎక్కువ దక్షిణ పనికిరాదు. అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును మాటాడుకొనుటయే పనికివచ్చును. కర్మకాండను నమ్ముకొన్నవాడు వ్రాయు కథ యిది కాదు. ఆచారమను పెంకులోనుండి ధర్మమను పప్పును దీసి చేతబెట్టినట్లున్నది. ఐనను చిత్రముపై నా యాక్షేపణ యొకటి యున్నది: తుదకు కాకి వచ్చును. అంతవరకు సంకేతముగా నిలిచినది యంతట మహిమగా మారును. చూచువారిలో నమాయకుడు ‘చూచితిరా, కాకికి దెలియును’ అని యింటికి బోవును.

పాటను మాత్రము వినువారి కా కాకి కనబడదు. చీకటిగదిలో, చిత్రము లేకుండ, ఫోనుబల్లపై బెట్టి వినుడు. ఇరువురు పెద్దల గొంతులు. ఆయన యెత్తుకొనును, ఆమె యందుకొనును. వాద్యములు వెనుకకు దగ్గి యుండును. చచ్చినవాని ముచ్చటయు, బ్రదికియున్నవారి బాకియు మాత్రమే చెవినిబడును. అందుచే నీ సంపుటము తన చిత్రముకంటె గొప్పదని నా యభిప్రాయము. చిత్రము విడువలేని మహిమను పాట విడిచినది.

విలాపము మన కావ్యములకు క్రొత్త కాదు. కుమారసంభవమున నాలుగవ సర్గ రతివిలాపము. రఘువంశమున నెనిమిదవ సర్గమున నజుడు విలపించును. పాఠశాలలో వీనిని చెప్పునపుడు పిల్లలు శ్లోకముల సొంపునకు మురియుదురు గాని కంట నీరు పెట్టుకొనరు. కాళిదాసు దుఃఖము పోయినవారి సౌందర్యము చుట్టును తిరుగును. వినువారిపై దోషము మోపదు. పల్లెలో పీనుగుప్రక్క గూర్చుండి శోకములు పెట్టు నాడుది పోయినవాని పనులు లెక్కించును, మిగిలినవారి తప్పులు లెక్కించును. చుట్టుమూగిన చుట్టములలో దల వంచుకొననివాడుండడు. అది దుఃఖమును న్యాయవిచారణయును గూడ. మొగిలయ్య దంపతులు పాడినది యీ జాతి పాట. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు 1950లలో జానపదగేయములను శాస్త్రీయముగా పరిశోధించి గ్రంథస్థము చేసిరి. అట్టి పాట తెరపైకి వచ్చుట మంచిది. కత్తిరింపబడక వచ్చుట యింకను మంచిది.

మా అఫ్జల్‌గంజిలో నీ పాటకు తగిన శ్రోతలెప్పుడును గలరు. ఉస్మానియా దవాఖానకు జిల్లాలనుండి రోగులను దెచ్చినవారు ప్రహరీప్రక్క కాలిబాటపై దుప్పటి పరచుకొని దినములు గడుపుదురు. ఒకరి ఫోనులో పాట మ్రోగిన పదిమంది విందురు. దవాఖానకు వచ్చుటయే బలగమునకు పరీక్ష: ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, ఎవరు రూకలు పంపిరి, ఎవరు ఫోను ఎత్తలేదు. ‘బలగ’మను మాటకు నిఘంటువులు పరివారమని, బంధువర్గమని యర్థము వ్రాయును, ఆ కాలిబాటపై దాని యర్థము ప్రతిరాత్రి తేలుచుండును.

భాషను గూర్చి యొక్క మాట. తెలంగాణమున కవులు లేరన్న యపవాదునకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో బదులుచెప్పిరి. అందు 354 మంది కవులు గలరు. ఆ బదులు పద్యములలో జెప్పవలసి వచ్చెను. కవియనగా పద్యము వ్రాయువాడని యాక్షేపించినవారి తలంపు గనుక. సినిమాలలో నీ ప్రాంతపు పలుకు చిరకాలము హాస్యగాని నోటను దుష్టుని నోటను మాత్రమే వినబడెను. 2023లో నదియే శోకమును మోసినది. ఒక పలుకుబడి నవ్వించుటకు పనికివచ్చిన నది గొప్పగాదు. దుఃఖమును నిలుపగలిగిన నది సాహిత్యభాష. నేను వ్రాయు నీ భాష వేరైనను, ఈ మాట యొప్పుకొనుటకు నాకు సంకోచము లేదు.

ఆ యేటి మిగిలిన చిత్రములను త్వరగా చూతము. ఫిబ్రవరిలో వచ్చిన ‘సార్’ చదువు నమ్మువారిని గూర్చిన కథ, జి.వి. ప్రకాశ్ కుమార్ సంగీతము. ఆ బాణీలకే, ‘వాత్తి’ యను తమిళరూపమునకై, జాతీయపురస్కారము వచ్చెను. ఉపాధ్యాయుడను గావున నేనాసతో వింటిని. జనము నోట నిలిచినది ‘మాస్టారు మాస్టారు’ అను ప్రేమగీతము. బాణి మృదువైనది, శ్వేతామోహన్ గొంతు నిర్మలమైనది. చదువు సంగతి మాత్రము పాటలోనికి రాలేదు. (మా పిల్లలు ‘మాస్టారు’ అనరు, ‘సారూ’ అందురు, దీర్ఘము ననుసరించి వారి యవసరము తెలియును.) జూలైలో వచ్చిన ‘బేబి’కి విజయ్ బుల్గానిన్ సంగీతము. ‘ప్రేమిస్తున్నా’ పాడిన పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌నకు ఉత్తమగాయక పురస్కారము లభించెను. గొంతున కదియర్హమే, పాట యౌవనోద్రేకమునకు మించి యేమియు నడుగదు. హేషమ్ అబ్దుల్ వహాబ్ ఆ యేడు ‘ఖుషి’కిని ‘హాయ్ నాన్న’కును బాణీలు కట్టెను. రెంటను తేనెయే. తేనె నొక చెంచాడు మాత్రమే రుచిచూడగలము. రెండు సీసాలు వరుసగా ద్రావించిన నోటికి భేదము తెలియదు. ‘హాయ్ నాన్న’లోని ‘సమయమా’ యొక్కటి నాకు మిగిలినది.

ఇక పేర్ల సంగతి. 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోను పలకకు పాడి, పాట ముగియగానే తన పేరు తానే గట్టిగా చెప్పెను. ఆ ధ్వని నేటికిని నిలిచియున్నది. మా అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్రగ్రంథాలయము 1891లో అసఫియా గ్రంథాలయముగా బుట్టినది. అచటి పుస్తకసూచిలో గ్రంథకర్త పేరు మొదట నుండును. పాటల లోకమున మాత్రము సూచి తలక్రిందులైనది: ఫోనున పాట తెరచిన ముందుగా కథానాయకుని ముఖము కనబడును, పిమ్మట చిత్రము పేరు, పిమ్మట నమ్మిన కంపెనీ పేరు, పాడినవారిని వెదకవలెను, వ్రాసినవారిని ఇంకను వెదకవలెను, డప్పు వాయించినవారిని వెదకినను దొరకరు. గొట్టె కనకవ్వ, నర్సమ్మ యను పేర్లు కొన్నికోట్లసారులు విన్న పాటక్రింద నుండియు చదివినవారెందరు? ఇండ్లలో పిల్లలకు పాటలు పెట్టు తల్లిదండ్రులీ యొక్క పని చేయవచ్చును: పాట ముగిసినమీదట పేర్లు బిగ్గరగా చదువుట. ఖర్చులేని పని.

2025 ఆగస్టులో ప్రకటించిన జాతీయపురస్కారములలో ఉత్తమగీతరచనకు ‘ఊరూ పల్లెటూరు’ పాటకై కాసర్ల శ్యామ్ నెన్నుకొనిరి. తగిన యెన్నిక. న్యాయనిర్ణేతలకు పాటలనెన్ను విధియే గాని సంపుటముల నెన్ను విధి లేదు గనుక, మొదటి పాటకు గౌరవము వచ్చినది. దానికి జవాబైన కడపటి పాట యా పత్రమున లేదు. మొగిలయ్య 2024 డిసెంబరులోనే కాలము చేసెను. నా పట్టికలో మొదటి పంక్తి ‘బలగం’. దాని యెదుట వ్రాయవలసిన గడిలో నేను కంపెనీ పేరు గాని నటుని పేరు గాని వ్రాయలేదు, మొగిలయ్య, కొమురమ్మ యని వ్రాసికొంటిని.